స్నోబోర్డింగ్‌కి వాటర్‌ప్రూఫ్ జాకెట్, ప్యాంటు: ఏది కొనాలి, ఎలా ఉతకాలి, ఎలా కాపాడుకోవాలి

రోజంతా మంచులో గడిపి గదికి వచ్చాక, బట్టలు విప్పేటప్పుడు ఎక్కడెక్కడ తడి ఉందో ఒకసారి తడిమి చూసుకోండి. కొనేటప్పుడు చేసిన తప్పులన్నీ అక్కడ దొరుకుతాయి. నా మొదటి సీజన్‌లో భుజాలు, ఛాతీ పొడిగానే ఉండేవి. మధ్యాహ్నం రెండయ్యేసరికి ప్యాంటు మాత్రం సీటు దగ్గరా మోకాళ్ల దగ్గరా ముద్దయిపోయేది. లిఫ్ట్ కుర్చీలో పైకి వెళ్లే ఆ కాసేపట్లో చలి నడుము దాకా పాకేది. డబ్బంతా జాకెట్ మీద పోసి, ప్యాంటు ఏదో ఒకటిలే అని తీసుకున్నందుకు దక్కిన ఫలితం అది.

స్కీయింగ్ చేసేవాళ్లకి ఆ తప్పు కొంతవరకు చెల్లుతుంది. వాళ్లు రోజులో ఎక్కువ భాగం నిలబడే ఉంటారు. స్నోబోర్డు మీద వెళ్లే మనం లిఫ్ట్ దిగగానే మంచులో చతికిలబడి బైండింగ్ (బూటుని బోర్డుకి కట్టే పట్టీలు) బిగించుకుంటాం, అలసిపోతే అక్కడే కూర్చుంటాం, వెనకబడిన స్నేహితుడి కోసం మోకాళ్ల మీద ఆగుతాం. కొత్తవాళ్లయితే వెనక్కి పడితే సీటు, ముందుకు పడితే మోకాళ్లూ అరచేతులూ తడుస్తాయి. "నేర్చుకునేవాడికి మామూలు బట్టలు చాలవా" అంటుంటారు. అది తలకిందుల సలహా. అందరికంటే ఎక్కువసేపు మంచుకి అంటుకుని ఉండేది నేర్చుకునేవాడే. అందుకే చేతిలో ఉన్నది తక్కువైతే ముందు మంచి ప్యాంటు, తర్వాత గ్లవ్స్, ఆ తర్వాతే జాకెట్.

మొదటి మెట్టు: లేబుల్ మీద అంకెల్ని చదవడం

లేబుల్ మీద సాధారణంగా రెండు అంకెలుంటాయి. 10కె/10కె, 15కె/10కె, 20కె/20కె, ఇలా. కె అంటే వెయ్యి. మామూలుగా మొదటిది నీటిని ఆపే శక్తి, రెండోది చెమట ఆవిరిని బయటికి వదిలే శక్తి.

మొదటి అంకెని మిల్లీమీటర్లలో కొలుస్తారు. గుడ్డని బిగించి దానిమీద నీటి ఒత్తిడిని క్రమంగా పెంచుతూ పోతారు. గుడ్డలోంచి చుక్కలు బయటికొచ్చే సమయానికి ఆ ఒత్తిడి ఎంత ఎత్తు నీటి స్తంభానికి సమానమో అదే ఆ గుడ్డ రేటింగ్. 10,000 మిల్లీమీటర్లంటే పది మీటర్ల నీటి స్తంభం. దాన్ని బరువులోకి మారిస్తే చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో.

ఇప్పుడు 70 కిలోల మనిషిని తీసుకోండి. మంచులో కూర్చున్నప్పుడు ఆ బరువు సుమారు 700 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటుందనుకుందాం. చదరపు సెంటీమీటరుకి 100 గ్రాములు, అంటే 1,000 మిల్లీమీటర్లు. అదే మనిషి మోకాళ్ల మీద వాలితే బరువంతా రెండు చిన్న చోట్ల పడుతుంది. రెండు మోకాళ్లూ కలిపి 70 చదరపు సెంటీమీటర్లే నేలకి ఆనాయంటే ఒత్తిడి ఒక్కసారిగా 10,000 మిల్లీమీటర్లకి చేరుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా 5కె ప్యాంటు మోకాళ్ల దగ్గర ఎందుకు ఓడిపోతుందో దీంతో అర్థమవుతుంది. పైగా ఆ రేటింగ్ కొత్త గుడ్డది. నలిగి, రాసుకుని, రెండు సీజన్లు గడిచాక అంత ఉండదు.

నా లెక్క ఇది: ప్యాంటుకి కనీసం 15కె. జాకెట్‌కి 10కె చాలావరకు సరిపోతుంది. మీరు వెళ్లే చోట మంచు తడిగా, బరువుగా ఉంటే, లేదా మంచుతో పాటు వానా పడుతుంటే రెంటికీ 20కె. ఉష్ణోగ్రత మైనస్ పదికి అటూ ఇటూ ఉన్న రోజు మంచు పొడిలా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది, తక్కువ రేటింగ్ బట్టలతో కూడా నెట్టుకురావచ్చు. అసలు పరీక్ష సున్నా దగ్గరే. మంచు గుడ్డ మీద పడగానే కరుగుతుంది, లిఫ్ట్ కుర్చీ మీద నీళ్లు నిలుస్తాయి. సీజన్ చివర్లో ఎండ కాసే రోజున తడిసినంతగా తుపాను రోజున కూడా తడవలేదు నేను.

రెండో అంకె, 24 గంటల్లో చదరపు మీటరు గుడ్డలోంచి ఎన్ని గ్రాముల నీటి ఆవిరి దాటిపోతుందో చెబుతుంది. దీన్ని మాత్రం ఎక్కువ నమ్ముకోకండి. కొలిచే పద్ధతులు చాలా ఉన్నాయి, ఒకే గుడ్డకి ఒక్కో పద్ధతిలో ఒక్కో అంకె వస్తుంది. అందుకే ఒక కంపెనీ 20కె, ఇంకో కంపెనీ 15కె కన్నా మెరుగని ఖాయంగా చెప్పలేం. కొన్ని లేబుళ్ల మీద ఆర్ఈటీ అని ఇంకో కొలత కనిపిస్తుంది, దాంట్లో అంకె తగ్గేకొద్దీ మంచిది. ఏ అంకె ఎలా ఉన్నా, చంకల కింద పొడవాటి జిప్పు, తొడల దగ్గర ఇంకో జిప్పు ఉంటే చెమట సమస్య సగం తీరిపోతుంది. తెరిచిన జిప్పులోంచి పోయినంత ఆవిరి ఏ గుడ్డలోంచీ పోదు.

రెండో మెట్టు: గుడ్డ ఎన్ని పొరలదో చూడడం

నీటిని ఆపేది మనకి పైకి కనిపించే గుడ్డ కాదు, దాని లోపలివైపు అతికించిన మెంబ్రేన్ అనే పల్చటి పొర లేదా కోటింగ్. వీటిలో అందరికీ తెలిసిన పేరు గోర్‌టెక్స్. 1969లో బాబ్ గోర్ వేడి చేసిన పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ ప్లాస్టిక్) కడ్డీని ఒక్క ఉదుటున లాగితే అది తెగకుండా సాగి, కంటికి కనపడని రంధ్రాలున్న పదార్థంగా మారింది. ఆ రంధ్రాలు నీటిబొట్టు కన్నా దాదాపు 20,000 రెట్లు చిన్నవి, ఆవిరి అణువు కన్నా దాదాపు 700 రెట్లు పెద్దవి. అందుకే నీళ్లు రావు, ఆవిరి పోతుంది. పాలీయురేథేన్ పొరల్లో చాలావాటికి రంధ్రాలే ఉండవు. అవి లోపలి తేమని పీల్చుకుని బయటివైపుకి అందిస్తాయి.

టూ లేయర్ అంటే గుడ్డకి మెంబ్రేన్ అతికించి, లోపల లైనింగ్ వేరుగా వేలాడుతుంది. కాస్త బరువు, కానీ మెత్తగా, వెచ్చగా ఉంటుంది. త్రీ లేయర్‌లో లైనింగ్‌ని కూడా కలిపి అతికించేస్తారు. తేలిక, ఎక్కువ కాలం మన్నుతుంది, ధరా ఎక్కువే. మధ్యలో టూ పాయింట్ ఫైవ్ లేయర్ ఉంది. లోపల లైనింగ్ బదులు పల్చటి ముద్రణ ఉంటుంది, మడిస్తే గుప్పెట్లో పడుతుంది, చెమట పడితే మాత్రం చర్మానికి అతుక్కుంటుంది. లిఫ్ట్ ఎక్కి దిగే మామూలు స్నోబోర్డింగ్‌కి టూ లేయర్‌తో ఏ ఇబ్బందీ లేదు. బోర్డు భుజానేసుకుని కొండెక్కేవాళ్లు త్రీ లేయర్‌కి వెళ్లాలి.

లోపల వెచ్చదనానికి పాలిస్టర్ దూది నింపిన జాకెట్ కొనాలా, ఏమీ నింపని ఉత్త పైపొర, అంటే షెల్ కొనాలా అన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. నేను షెల్ వైపే. చలి పెరిగితే లోపల ఇంకో ఫ్లీస్ (మెత్తటి పాలిస్టర్ స్వెటర్ లాంటిది) వేసుకోవచ్చు, ఎండ కాస్తే తీసేయొచ్చు. నింపిన జాకెట్‌లోంచి దూది తీయలేం కదా.

మూడో మెట్టు: కుట్లు

సూది దిగిన ప్రతిచోటా ఒక చిల్లు. గుడ్డ 20కె అయినా కుట్ల మీద లోపలివైపు టేపు వేయకపోతే నీళ్లు ఆ వరసలోంచే దిగుతాయి. లేబుల్ మీద 'ఫుల్లీ టేప్డ్' అని ఉంటే అన్ని కుట్లకీ టేపు ఉన్నట్టు. 'క్రిటికల్లీ టేప్డ్' అంటే భుజాలు, మెడ, హుడ్ లాంటి ముఖ్యమైన చోట్లే. ప్యాంటు విషయంలో రాజీ వద్దు. లోపలికి తిప్పి సీటు మధ్య కుట్టు చూడండి, దాని మీద వేలి వెడల్పున నున్నటి టేపు కనపడాలి. లైనింగ్ అడ్డొస్తే లేబులే దిక్కు.

నాలుగో మెట్టు: వేసుకుని చూడడం

అద్దం ముందు నిలబడి చూసుకుంటే సరిపోదు. మంచు మీద వేసుకునే లోపలి బట్టలు, ఫ్లీస్, వీలైతే హెల్మెట్ కూడా తీసుకెళ్లండి. జాకెట్ వేసుకుని రెండు చేతులూ పైకెత్తండి. నడుము బయటపడితే ఆ జాకెట్ వద్దు. తర్వాత నేల మీద కూర్చుని, బైండింగ్ బిగించుకుంటున్నట్టు ముందుకు వంగి పాదాలు పట్టుకోండి. వీపు కింద ప్యాంటుకీ జాకెట్‌కీ మధ్య సందు పడుతోందా? మంచు దూరేది సరిగ్గా అక్కడే. ఇదే పరీక్షలో ప్యాంటు మోకాళ్ల దగ్గర బిగుసుకుంటే ఒక సైజు పెంచండి. షాపులో నేల మీద కూర్చుంటే నలుగురూ చూస్తారని టెన్షన్ పడకండి, రోజంతా తడి సీటుతో తిరగడం కన్నా అదే నయం.

సందు సమస్యకి తిరుగులేని పరిష్కారం బిబ్, అంటే ఛాతీ దాకా వచ్చి భుజాల మీద పట్టీలుండే ప్యాంటు. టాయిలెట్‌కి వెళ్లడం కాస్త తంటా, కాబట్టి పక్కల కింది దాకా తెరుచుకునే జిప్పు ఉందో లేదో చూసుకోండి.

మిగతా హంగుల్లో నేను వదులుకోనివి కొన్నే. మంచు లోపలికి దూరకుండా జాకెట్ లోపల నడుము చుట్టూ సాగే పట్టీ, అంటే పౌడర్ స్కర్ట్. ప్యాంటు అడుగున బూటుని పట్టుకుని ఉండే లోపలి గెయిటర్. మడమ దగ్గర గట్టి గుడ్డ, ఎందుకంటే బోర్డు స్టీలు అంచు ప్యాంటు కింది భాగాన్ని కోసేస్తుంది. హెల్మెట్ మీదుగా వచ్చే హుడ్. స్కర్ట్‌ని ప్యాంటుకి తగిలించే గుండీలు చాలావరకు ఒకే కంపెనీ జతకే సరిపోతాయి, ఆ ఒక్క కారణంతో జత కొనక్కర్లేదు. 'వాటర్‌ప్రూఫ్ జిప్' అన్న మాటకీ పడిపోకండి. ఆ మెరిసే జిప్పుల్లో ఎక్కువ భాగం నీటిని కొంతసేపు తట్టుకునేవే. ఫోన్ లోపలి జేబులో పెట్టుకోవడం మేలు. కొన్ని జాకెట్లకి రెకో రిఫ్లెక్టర్ కుట్టి ఉంటుంది. బ్యాటరీ లేని ఆ చిన్న ముక్క గాలింపు బృందాల పరికరానికి ఆనవాలు ఇస్తుంది, అంతే. మంచుచరియలు విరిగిపడే ముప్పున్న చోటికి వెళ్లేవాళ్లకి అది ట్రాన్సీవర్‌కి (మంచు కింద ఉన్నవాళ్ల జాడ చెప్పే, సంకేతాలు పంపే పరికరం) బదులు కాదు.

లోపల వేసుకునేదాని గురించి ఒక్క మాట: నూలు బట్ట వద్దు. నూలు చెమటని పీల్చుకుని ఒంటికి అంటుకునే ఉంటుంది, ఆరదు. మెరినో ఉన్ని గానీ పాలిస్టర్ గానీ వేసుకోండి. పైన ఎంత ఖరీదైన షెల్ ఉన్నా కింద నూలు బనీను ఉంటే అంతా వృథా.

అసలు కథ: బొట్టు నిలుస్తోందా, ఇంకిపోతోందా

తామరాకు మీద నీటిబొట్టు ఎలా దొర్లిపోతుందో కొత్త జాకెట్ మీద అలా దొర్లిపోతుంది. దానికి కారణం పైగుడ్డకి పట్టించిన డీడబ్ల్యూఆర్ అనే పూత. మెంబ్రేన్ లోపల ఉండి నీటిని ఆపుతుంది, ఈ పూత బయట ఉండి గుడ్డ అసలు తడవకుండా చూస్తుంది. మురికి, చెమట, సన్‌స్క్రీన్, రాపిడి వల్ల పూత పనిచేయడం తగ్గుతుంది. అప్పుడు పైగుడ్డ నీళ్లు పీల్చుకుని నల్లగా, బరువుగా అవుతుంది. లోపల మెంబ్రేన్ బాగానే ఉంటుంది, చుక్క నీరు రానివ్వదు. కానీ దాని మీద తడి గుడ్డ పరుచుకుని ఉంటే ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. మీ చెమటే చల్లబడి నీరై లోపల చేరుతుంది. మీరేమో జాకెట్ కారుతోందనుకుంటారు.

నేనూ అలాగే అనుకుని ఒక జాకెట్‌ని అటక మీద పడేశాను. నాలుగు సీజన్లు వాడి ఒక్కసారి కూడా ఉతకలేదు. ఉతికితే వాటర్‌ప్రూఫ్ పోతుందని ఎవరో చెబితే నమ్మాను. తర్వాత ఒకరోజు ఎలాగూ పారేసేదే కదా అని మెషీన్లో వేశాను. మొదటి నీళ్లు టీ రంగులో దిగాయి. ఉతికి, డ్రయర్లో తిప్పి, సింక్ దగ్గర భుజం మీద గ్లాసెడు నీళ్లు పోశాను. భుజం మీద నీళ్లు గుండ్రటి పూసలై చేతి మీదుగా జారిపోయాయి. కాలర్ దగ్గర మాత్రం అరచేతి మేర మచ్చలా ఇంకింది, అక్కడ పూత నిజంగానే పోయింది. ఒక్క స్ప్రే సీసాతో అదీ తీరింది. ఆ జాకెట్ ఇంకో మూడు సీజన్లు నడిచింది.

కాబట్టి పరీక్ష చాలా సులువు. భుజం, మోచేయి, సీటు, మోకాలు, ఈ నాలుగు చోట్ల నీళ్లు చిలకరించి రెండు నిమిషాలు ఆగండి. బొట్లు నిలిచి దులిపితే పోతే ఏమీ చేయక్కర్లేదు. చదునై గుడ్డ రంగు మారితే ఉతకాలి. ఉతికి వేడి పట్టించాక కూడా ఇంకుతుంటే పూత మళ్లీ వేయాలి. అద్దెకి తీసుకునే బట్టల మీద కూడా ఈ పరీక్ష చేయొచ్చు. నేను చేసే తీసుకుంటాను.

ఉతకడం, వరసగా

1. జేబులన్నీ ఖాళీ చేయండి, ముఖ్యంగా లిప్ బామ్. డ్రయర్లో కరిగితే ఆ నూనె మరక జన్మలో పోదు. నా ప్యాంటు కుడి జేబు దగ్గర ఇప్పటికీ ఉంది.

2. లోపలి లేబుల్ చదవండి. ఇక్కడ నేను చెప్పేదానికీ లేబుల్‌కీ తేడా వస్తే లేబులే ఖాయం. ఈకలు నింపిన జాకెట్లకి వేరే సబ్బు, వేరే పద్ధతి ఉంటాయి, వాటిని దీంట్లో కలపకండి.

3. జిప్పులు, వెల్క్రో అన్నీ మూయండి. తెరిచి ఉన్న వెల్క్రో గుడ్డని గీకేస్తుంది.

4. మెషీన్లో సబ్బు పోసే అరని కడగండి. మామూలు డిటర్జెంట్, మెత్తదనం కోసం వాడే కండిషనర్ అందులో పేరుకుని ఉంటాయి. నీటిని ఆకర్షించే ఆ అవశేషాలు గుడ్డలో మిగిలితే పూత ఉన్నా లేనట్టే. కండిషనర్, బ్లీచ్ రెండూ పూర్తిగా నిషేధం.

5. వాటర్‌ప్రూఫ్ బట్టల కోసమే అమ్మే లిక్విడ్ వాడండి. నిక్‌వాక్స్ టెక్ వాష్, గ్రేంజర్స్ లాంటివి చాలాచోట్ల దొరుకుతాయి. కాలర్, మణికట్టు, సీటు దగ్గర జిడ్డు ఉంటే అదే లిక్విడ్‌ని కాస్త రాసి పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి.

6. ఒక్కసారికి ఒకటో రెండో బట్టలు. 30 లేదా 40 డిగ్రీలు, నెమ్మదైన సైకిల్, తక్కువ స్పిన్. నీళ్లలో జాడించడం రెండుసార్లు.

7. లేబుల్ ఒప్పుకుంటే తక్కువ వేడి మీద డ్రయర్లో ఆరబెట్టి, ఆరాక ఇంకో ఇరవై నిమిషాలు తిప్పండి. చాలా పూతలు ఈ వేడికే మళ్లీ లేస్తాయి. డ్రయర్ లేకపోతే ఆరేశాక పైన పల్చటి తువ్వాలు పరిచి, ఆవిరి లేకుండా, తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయండి.

ఇరవై రోజులు మంచు మీదికి వెళ్లేవాళ్లకి సీజన్‌లో రెండుసార్లు ఉతకడం ఎక్కువేమీ కాదు. కొత్తగా వస్తున్న బట్టలకి ఇంకా తరచుగా కావాలి. పాత పూతల్లో పీఎఫ్ఏఎస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు ఉండేవి. అవి నీటితో పాటు నూనెనీ తోసేసేవి, కానీ ప్రకృతిలో విచ్ఛిన్నం కావు. కాలిఫోర్నియా లాంటి చోట్ల 2025 జనవరి 1 నుంచి బట్టల్లో వాటిని నిషేధించారు, తీవ్రమైన తడిని తట్టుకునే బట్టలకి మాత్రం 2028 దాకా గడువిచ్చారు. వాటి బదులు వస్తున్న పూతలు నీటిని బాగానే ఆపుతాయి, నూనెని ఆపలేవు. చర్మపు జిడ్డు, లిఫ్ట్ గ్రీజు త్వరగా పడతాయి. అందుకే ఉతుకుడే మందు.

పూత మళ్లీ వేయాల్సి వస్తే ఉతికిన వెంటనే, గుడ్డ శుభ్రంగా ఉన్నప్పుడే వేయాలి. మురికి మీద వేస్తే నిలవదు. నీళ్లలో కలిపేది ఒకటి, స్ప్రే ఒకటి దొరుకుతాయి. లైనింగ్ వేరుగా ఉన్న టూ లేయర్ బట్టలకి స్ప్రే మంచిది, నీళ్లలో కలిపేదైతే చెమట పీల్చాల్సిన లైనింగ్‌కి కూడా పూత పడుతుంది. హ్యాంగర్‌కి తగిలించి ఒక జానెడు దూరం నుంచి కొట్టండి. భుజాలు, సీటు, మోకాళ్లకి రెండోసారి. మిగిలిన తుంపర్లని తడి గుడ్డతో తుడిచేయండి. వేడి పట్టించాలా వద్దా అన్నది సీసా మీద ఉంటుంది.

మంచు మీదినుంచి వచ్చిన ప్రతి సాయంత్రం

గదిలోకి అడుగు పెట్టకముందే మంచు దులిపేయండి, లోపలికొస్తే అది నీరే. జిప్పులన్నీ తెరిచి, జేబులు బయటికి తీసి, గాలాడేచోట వేలాడదీయండి. హీటర్ మీద పరచకండి. ఆ వేడికి కుట్ల టేపు జిగురు ఊడుతుంది. గ్లవ్స్ కూడా అంతే, వేళ్లు పైకి తిప్పి పెడితే లోపలి తేమ తొందరగా పోతుంది. తడి బట్టల్ని బ్యాగులో కుక్కి మర్నాటిదాకా మరిచిపోవడం అన్నిటికన్నా పెద్ద పాపం.

చిరిగితే, ఊడితే

బోర్డు అంచు కోసిన చిన్న గాటు, బైండింగ్ స్క్రూ పట్టుకుని లాగిన చిల్లు, ఇవి రాకుండా ఎవరి ప్యాంటూ ముసలిదవదు. కొండ మీద ఉన్నప్పుడు ఏ టేపు దొరికితే అది వేసి రోజు గడిపేయండి. ఇంటికొచ్చాక జిగురంతా తీసి, ఆ చోటుని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. గుడ్డల మరమ్మతుకి అమ్మే అంటుకునే ప్యాచ్‌ని చిల్లుకి అన్నివైపులా రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా కత్తిరించండి. మూలలు గుండ్రంగా ఉండాలి, చదరంగా ఉంటే మూల దగ్గరే లేస్తుంది. గట్టిగా నొక్కి ఒక రోజంతా వదిలేయండి. సూదీదారంతో కుట్టకండి, ఒక చిల్లు పూడ్చబోయి ముప్పై చిల్లులు చేసినట్టవుతుంది.

కుట్టు టేపు కొసన లేస్తే పైన గుడ్డ పరిచి తక్కువ వేడి మీద ఇస్త్రీతో నొక్కితే కొన్నిసార్లు మళ్లీ అంటుకుంటుంది. లేకపోతే ఊడిన భాగం తీసేసి సీమ్ సీలర్ (కుట్ల చిల్లులు మూసే ద్రవం) పూయాలి. గుడ్డ మీద బుడగలు లేచినా, లోపల కోటింగ్ పొలుసులు పొలుసులుగా రాలుతున్నా ఇంట్లో చేసేదేమీ లేదు. వారంటీ ఉంటే పంపండి, లేకపోతే దాని ఆయువు తీరిందనుకోండి.

సీజన్ అయిపోయాక

పాలీయురేథేన్ కోటింగ్‌కి తేమ, వేడి రెండూ కలిసి పడవు. అలాంటి చోట నెలల తరబడి ఉంటే అది మెల్లగా విడిపోయి, జిగటగా తయారై, పుల్లటి వాసన వేస్తుంది. కాబట్టి దాచేముందు ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, ఎండ తగలని చోట హ్యాంగర్‌కి వదులుగా తగిలించండి. ప్లాస్టిక్ కవర్లో గాలి తీసి నొక్కి పెట్టడం వద్దు, మడత పడినచోటే పొర పగులుతుంది. జిప్పులకి జిప్పు లూబ్రికెంట్ కొంచెం రాసి ఒకసారి పైకీ కిందికీ లాగండి. సీజన్ మొదలయ్యే పది రోజుల ముందే బయటికి తీసి సింక్ దగ్గర గ్లాసెడు నీళ్లు పోసి చూడండి. ప్రయాణానికి ముందురోజు రాత్రి మోకాళ్ల దగ్గర ఇంకిపోతోందని తెలిస్తే, ఉతికి, ఆరబెట్టి, స్ప్రే కొట్టే టైము ఉండదు.